తేట నీళ్ల బుధవారం

పోయిన వారం మనం సీసాలమ్మను సరస్సు గట్టు మీద, ఒక చేతిలో గాజుసీసాతో, ఇంకో చేత్తో ముక్కుకు కొంగు అడ్డం పెట్టుకుని ఉండగా వదిలేసి వచ్చాం. అప్పుడు మనతో లేనివారి కోసం రెండు ముక్కలు. ఆవిడ నీళ్లు పరీక్ష చేసే ఉద్యోగి. పదకొండేళ్లుగా ప్రతి బుధవారం పట్నం నుంచి ఆఫీసు పడవలో పాత కాలువ వెంట వచ్చి, లాకు దాటి సరస్సులోకి దిగి, లాకు తలుపుల ముందు నీటిమట్టం చూసే కొలతరాయి దగ్గర సీసా ముంచుకుని వెళ్తుంది. పడవలవాళ్లు అసలు పేరు ఎప్పుడో మరిచిపోయి సీసాలమ్మ అని ఖాయం చేసేశారు. ఈ పదకొండేళ్లూ ఆవిడ రాసిన మాట ఒక్కటే. నీళ్లు బాగున్నాయి, తాగవచ్చు. పోయిన బుధవారం పడవ ఇంజను మొరాయించడంతో మధ్యాహ్నం దాకా చూసి, ఆవిడ మొదటిసారి గట్టు మీద నడిచి సాయంత్రానికి వచ్చింది. రాయి అదే, సీసా అదే. అందులోకి వచ్చినవాటిని నీళ్లు అనడానికి మాత్రం నోరు రాలేదు.

ఇంకొక్క సంగతి. ఎల్లుండి శుక్రవారం సరస్సు నీళ్లు ఒడ్డున ఉన్న ప్రసూతి ఆసుపత్రికి కొత్త గొట్టంలో వెళ్లబోతున్నాయి. ఇంత సరస్సులో గొట్టం మూతి ఎక్కడ దించాలా అని పెద్దలు వెతుక్కోలేదు. సీసాలమ్మ కాగితాలు చూసి సరిగ్గా కొలతరాయి పక్కనే దించారు. నెలలు నిండిన ఆవిడ చెల్లెలు ఆ ఆసుపత్రిలోనే మూడో నంబరు మంచం మీద ఉంది.

వారం రోజులు సీసాలమ్మకు అన్నం సయించలేదు. సీసా కడగడంలో పొరపాటేమో అనుకుంది. నాలుగు సీసాలు నాలుగుసార్లు ఉడికించింది. మంగళవారం సాయంత్రం పడవ నడిపే సరంగు దగ్గరికి వెళ్లి, "రేపు పడవ నువ్వే తీసుకురా బాబాయ్, మామూలు టైముకే, పదింటికే రా. నేను ముందు వెళ్తాను" అంది. సరంగు ఎందుకని అడగలేదు. ఆఫీసు పడవ నడిపి నడిపి, ఎందుకని అడగడం మానేసిన మనిషి ఆయన.

బుధవారం ఎనిమిదిన్నరకల్లా ఆమె గట్టు మీద ఉంది.

ఎండ అప్పుడే వాడిగా ఉంది. సరస్సు మీద గుర్రపుడెక్క పచ్చగా పరుచుకుని, దూరం నుంచి చూసేవాడికి పొలంలా కనిపిస్తోంది. అవతలి మూల జిగురు కార్ఖానా గొట్టం పొగ వదులుతోంది. పశువుల గిట్టలూ ఎముకలూ ఉడికించి జిగురు తీస్తారక్కడ. సరస్సు వైపు ఎవరు వచ్చినా వచ్చే కంపు ఆ పొగదేనని అందరికీ తెలుసు. తెలుసు అంటే, సీసాలమ్మ చెప్పింది కాబట్టి తెలుసు. 'కంపు గాలిలో ఉంది, నీళ్లలో లేదు' అని ఆవిడ ఎంతమందికి చెప్పిందో లెక్కలేదు.

కొలతరాయి దగ్గర మెట్ల మీద వంగింది. నీళ్ల మీద పసుపుపచ్చని తెట్టె. పాలమీగడ మందాన ఉంది, వేలితో నెడితే ముడతలు పడుతోంది. దాని కింద నీళ్లు చిక్కగా, గంజిలా కదులుతున్నాయి. తెట్టెలో వెంట్రుకలు అతుక్కుని ఉన్నాయి. ఏ పశువువో, ఏ రంగువో చెప్పేంత స్పష్టంగా ఉన్నాయి. సీసా ముంచబోతే మూతి దగ్గర తెట్టె పేరుకుపోయి గుటకవేసినట్టు ఒక చప్పుడు చేసింది. ఆమె మొహం పక్కకు తిప్పుకుని సీసా నింపింది, మూత బిగించింది, చెయ్యి తుడుచుకోవడానికి చోటు దొరక్క గాలిలోనే పట్టుకు నిలబడింది. ఆ చెయ్యి తనది కాకపోతే బాగుండుననిపించింది.

అప్పుడు లాకు మీద చక్రం కిర్రుమంది. ఆమె గబుక్కున తుమ్మపొద వెనక్కి జరిగింది.

లాకు చూడనివారికి ఒక మాట చెప్పాలి. పై కాలువ ఎత్తున ఉంటుంది, సరస్సు నిలువెత్తు కిందన ఉంటుంది. మధ్యలో రాతిగది, దానికి ఇటు రెండు తలుపులు, అటు రెండు తలుపులు. పడవ దిగాలంటే గదిని పై కాలువ నీళ్లతో నింపి, పడవను లోపలికి తీసుకుని, పై తలుపులు మూసి, కింది తూములు ఎత్తుతారు. గది నీళ్లన్నీ సరస్సులోకి పోతాయి, వాటితోపాటు పడవా దిగుతుంది. రెండొందల ఏళ్లనుంచీ జరుగుతున్న పని అదే. పడవ ఉంటేనే చేస్తారు. పడవ లేకుండా గది నింపి వదలడం అంటే మంచి నీళ్లు పారబోయడం, లాకు మనిషి చెయ్యకూడని పని.

అక్కడ పడవ లేదు. చక్రం తిప్పుతున్నది ఆమె మేనమామ.

ఆయన్ని ఊరూవాడా లాకు మామయ్య అంటుంది. ఆ లాకుకు ఆయన తాత మనిషి, తండ్రి మనిషి, ఇప్పుడు ఆయన. తల్లి పోయాక సీసాలమ్మనీ చెల్లెల్నీ ఆ లాకు ఇంట్లోనే పెంచాడు. ఈ సరస్సులోనే ఇద్దరికీ ఈత నేర్పాడు. ఈ ఉద్యోగం ఖాళీ అయిందని చెప్పి దరఖాస్తు రాయించింది కూడా ఆయనే. ఆమెకు ప్రపంచంలో అబద్ధం ఆడని మనిషి ఎవరని అడిగితే తడుముకోకుండా ఈయన పేరే చెప్పేది.

కింది తూములు లేచాయి. గదిలోని నీళ్లు హోరున వచ్చి తెట్టెను నెట్టుకుపోయాయి. తెట్టె ముక్కలై, మడతలై, గుర్రపుడెక్కలోకి దూరింది. మామయ్య తూములు దించి, పైవి ఎత్తి, గది మళ్లీ నింపాడు. తొందరేమీ లేదు, పనివాడి చేతులు. ఇరవై నిమిషాలకు మళ్లీ వదిలాడు. ఈసారి కొలతరాయి చుట్టూ నీళ్లు తేటపడ్డాయి. రాయి మీద చెక్కిన అంకెలు అడుగుదాకా కనిపించాయి. అప్పుడాయన పొడుగు కర్రకు కట్టిన వలతో వచ్చి, అక్కడక్కడ మిగిలిన వెంట్రుకల ముద్దలు తీసి గట్టు అవతలకు విసిరాడు. కాళ్లు కడుక్కున్నాడు. జేబులోంచి దువ్వెన తీసి తల దువ్వుకున్నాడు.

ఆ దువ్వెన చూశాక సీసాలమ్మకు ఒళ్లు మండింది. పదకొండేళ్లుగా ప్రతి బుధవారం ఆయన తల నున్నగా దువ్వుకుని లాకు మీద నిలబడి చెయ్యి ఊపేవాడు. మేనకోడలు వస్తోందని ముచ్చటపడి దువ్వుకుంటున్నాడనుకునేది. పొద వెనకనుంచి బయటికొచ్చింది.

మామయ్య ఆమెను చూశాడు. సీసాను చూశాడు. దువ్వెన జేబులో పెట్టుకోబోయి గురితప్పి కింద పడేసుకున్నాడు.

"నడిచొచ్చావా తల్లీ? పడవేమైంది?"

"పదింటికొస్తుంది."

"ఎండలో ఎందుకు నడవడం. లోపలికి రా, టీ పెడతాను."

"ఎన్నాళ్లనుంచి మామయ్యా?"

"ఏంటి?"

"నేను ముప్పావుగంటనుంచి ఇక్కడే ఉన్నాను."

ఆయన వంగి దువ్వెన తీసుకుని, దుమ్ము ఊది, "లోపలికి రా" అన్నాడు మళ్లీ. గట్టు మీద మాట్లాడితే కాలువ వింటుందనే మనిషిలా ముందు నడిచాడు.

లాకు ఇల్లంటే ఒకటే పెద్దగది, వెనక వంటకు ఒక సందు. గోడకు తాత వాడిన ఇనప కొక్కెం, ఇంకో గోడకు ఆఫీసు ఫోను, కిటికీ కింద బల్ల. ఆ బల్ల మీదే అక్కాచెల్లెళ్లు లెక్కలు నేర్చుకున్నారు. మామయ్య స్టవ్ వెలిగించకుండా, ముందు కూజాలోంచి గ్లాసుడు నీళ్లు వంచి ఆమె ముందు పెట్టాడు. ఆమె గ్లాసు వైపు చూసింది.

"ఇవి ఎక్కడివి?"

"తాగు. పై కాలువవి."

"మీరు సరస్సు నీళ్లు తాగరా?"

చిన్నప్పటినుంచీ నువ్వు అని పిలిచిన మనిషిని మీరు అంది. అది ఆయనకు తగిలింది. కుర్చీ లాక్కుని కూర్చున్నాడు.

"ఎప్పుడో మానేశాను."

"ఎప్పుడో అంటే?"

"నువ్వు ఉద్యోగంలో చేరిన మూడో ఏడు. కార్ఖానావాళ్లు రెండో కొలిమి పెట్టారు చూడు, అప్పుడు."

ఎనిమిదేళ్లు. ఎనిమిదేళ్లుగా ఆయన ఇంటి కూజాలోకి సరస్సు చుక్క రానివ్వలేదు. రేవు మెట్ల దగ్గరున్న నలభై ఇళ్లవాళ్లు మాత్రం బిందెలతో అవే నీళ్లు తోడుకుపోతున్నారు. మెట్ల దగ్గర నీలం బోర్డు ఉంది. తాగవచ్చు అని రాసి, కింద ఆమె సంతకం. పోయిన వేసవిలో తాళ్లు పేనే ముసలావిడ ఒకతె రెండు చేతులూ చాచి చూపించింది. మణికట్టు దాకా చర్మం పొలుసులు లేచి, మధ్యలో రసి కారుతోంది. సీసాలమ్మ ఆ చేతులు పట్టుకుని చూడను కూడా చూడలేదు. 'నీళ్లు బాగానే ఉన్నాయమ్మా, నేనే పరీక్ష చేశాను. సబ్బు మార్చి చూడు' అంది. ముసలావిడ బుద్ధిగా తలూపి వెళ్లిపోయింది. ఆ తలూపడం ఇప్పుడు గుర్తొచ్చి సీసాలమ్మకు తన నోటిని తనే చీదరించుకోవాలనిపించింది.

"ఎందుకు చేశారు?"

"లాకు మూసేస్తారు గనక," అన్నాడాయన. ఇది ఆయన ఎన్నోసార్లు తనలో తాను చెప్పుకున్న జవాబు, తడబాటు లేకుండా వచ్చింది. "సరస్సు చెడిందని నువ్వు ఒక్క ముక్క రాస్తే చాలు, రేవు మూసేసి పడవలు ఆపేస్తారు. పడవలు లేని లాకు ఎవరిక్కావాలి? తలుపులు పీకి ఇనుము అమ్ముకుంటారు. మా తాత తిప్పిన చక్రం. నా చేతుల్లో ఆగిపోవాలా?"

"చక్రం ఆగకూడదని నలభై ఇళ్లవాళ్ల చేత గిట్టలు కడిగిన నీళ్లు తాగించారు."

"వాళ్లు చిన్నప్పట్నుంచీ తాగుతున్నారు. అలవాటు పడిపోయారు."

ఈ మాట ఆయన నోరు జారి వచ్చింది. తన మాట తనే విన్నట్టున్నాడు, చూపు కిటికీ బయటికి మళ్లించాడు. సీసాలమ్మ ఆయన చేతుల వైపు చూసింది. తనకు జ్వరం వస్తే నుదుటి మీద తడిగుడ్డ వేసిన చేతులు. ఇప్పుడు బల్ల మీద ఆ చేతులు తన చేతికి దగ్గరగా ఉంటే తన చెయ్యి వెనక్కి తీసుకుంది.

"ఎల్లుండి ఆసుపత్రికి వెళ్తాయి ఈ నీళ్లు. చెల్లెలుంది అక్కడ. అది తెలిసి కూడా ఊరుకున్నారా?"

"ఊరుకోలేదు. ఏదో ఒకటి చేద్దామనే అనుకున్నాను. రోజూ రెండు గదులు వదిలితే గొట్టం మూతి దగ్గర తేటగానే ఉంటుంది కదా. చూశాను నేను. రెండు గదులకు నాలుగైదు గంటలు ఆగుతుంది తెట్టె."

"మిగతా పందొమ్మిది గంటలు?"

ఆయన తల వంచి దువ్వెన పళ్ల మధ్య దుమ్ము గోటితో తీశాడు.

"మామయ్యా, మోసం చేశారు. నన్ను కూడా. నా చేత పదకొండేళ్లు దొంగ సంతకాలు పెట్టించారు. ఇంతకన్నా రోత పని ఇంకొకటి లేదు."

ఆయన తల ఎత్తాడు. ఇందాకటి నుంచీ దొంగలా ఉన్న మొహంలో మొదటిసారి కాస్త కోపం వచ్చింది.

"రెండు గదులు వదలమన్నది ఎవరు?"

"అంటే?"

"గుర్తులేదా నీకు. రెండో నెలో మూడో నెలో. ఒకటే గది వదిలేవాణ్ణి, పడవతో పాటు. రాయి దగ్గర తెట్టె అప్పుడు ఇంత లేదు, కొంచెం ఉండేది. పడవలోంచి వంగావు, సీసా మూతి మూసుకుపోయింది, నీ కొత్త బట్టల మీద చిందింది. 'ఛీ మామయ్యా, ఇంకో గది వదులు, కాస్త తేటపడ్డాక పట్టుకుంటాను' అన్నావు. వదిలాను. మళ్లీ వారం కూడా అడిగావు. ఆ మళ్లీ వారం నువ్వు అడక్కముందే, నువ్వొచ్చేలోపే చేసిపెట్టాను. అడిగించుకోవడం ఎందుకు, పిల్ల వచ్చేసరికి సిద్ధంగా ఉండాలి అనుకున్నాను."

సీసాలమ్మ కాదు అనబోయింది. కానీ ఆ బట్టలు గుర్తొచ్చాయి. గోధుమరంగు, మొదటి నెల జీతంతో కొనుక్కున్నవి. పసుపు చుక్కలు ఎంత ఉతికినా పోలేదు. ఆ రోజు తను నవ్విందని కూడా గుర్తొచ్చింది. తేటపడ్డాక పట్టుకుంటాను. నీళ్ల పరీక్ష చేసే మనిషి, నీళ్లు శుభ్రం చేయించుకుని మరీ సీసాలో పట్టుకుంది. ఆ వారం చదువు రాని వాణ్ణి ఎవరిని నిలబెట్టి అడిగినా అది తప్పని చెప్పేవాడు. ఆమెకు మాత్రం తట్టలేదు, ఎందుకంటే చదువంతా సీసా లోపల ఏముందో చూడటానికే సరిపోయింది. పదకొండేళ్లలో ఆ రాయి దాటి వందగజాలు ముందుకు పోయి చూడమని సరంగుకు ఒక్కసారీ చెప్పలేదు.

"తర్వాత నాకు అర్థమైంది," అన్నాడు మామయ్య, గొంతు తగ్గించి. "మూడో ఏట. అర్థమయ్యాక కూడా చేశాను. అది నాది. మొదటిది మాత్రం నీది తల్లీ."

ఆమె లేచి వంటసందులోకి వెళ్లి వాంతి చేసుకుంది. నోరు కడుక్కోవడానికి కూజా తప్ప వేరే దారి లేదు. పై కాలువ నీళ్లతోనే కడుక్కుంది. ఆ నీళ్లు చల్లగా, తియ్యగా ఉన్నాయి. అదొకటి ఇంకా అసహ్యంగా అనిపించింది.

బయటికి వచ్చేసరికి గుమ్మంలో పెద్ద ఇంజనీరు నిలబడి ఉన్నాడు. జీపు చప్పుడు ఇద్దరూ వినలేదు. గొట్టం పని అంతా చూసుకున్న మనిషి ఆయన, ఇస్త్రీ చొక్కా, చంకలో కాగితాల అట్ట. చివరి కాగితం మీద సంతకం కోసం వచ్చాడు.

"అమ్మా, మీరు ముందే వచ్చారే. మంచిది. ఇక్కడొక సంతకం పడేస్తే..."

"పెట్టనండీ," అంది సీసాలమ్మ. బల్ల మీది సీసా తీసి ఆయన చేతికిచ్చింది. "మీ గొట్టం మూతి దగ్గర ఉండేవి ఇవి. పదకొండేళ్లుగా నేను రాసిందంతా తప్పు. ఎలా తప్పో రాసిస్తాను, నా పేరు పెట్టే రాసిస్తాను. మీరు మాత్రం గొట్టం తెరవకండి."

ఆయన మూత తిప్పి వాసన చూశాడు. చూసి మొహం చిట్లించాడు. మూత మళ్లీ బిగించాడు, ఒకసారి కాదు, రెండుసార్లు.

"తెరిచేశామమ్మా," అన్నాడు. "నిన్న పొద్దున. ట్రయల్‌కని తిప్పాం, ధార బాగుందని అలాగే వదిలేశాం. నిన్న సాయంత్రానికే ఆసుపత్రి పైట్యాంకు నిండింది. మీ సంతకం కాగితానికి తప్ప, నీళ్లకు అవసరం లేకపోయింది."

నిన్న. మంగళవారం. గదులు వదలని రోజు.

సీసాలమ్మ ఫోను వైపు నడిచింది. ఇంజనీరు దారికి అడ్డం వచ్చాడు. మర్యాదగానే వచ్చాడు, చేతులు కూడా చాచలేదు.

"ఆగండమ్మా. ఎవరికి చేస్తారు, ఏమని చెబుతారు? డెబ్భైమంది బాలింతలున్న చోట ఒక్క మాట పొక్కితే ఏమవుతుందో ఆలోచించండి. పంపు చెడిందని చెప్పి మెల్లగా కట్టేద్దాం, రెండు రోజుల్లో ట్యాంకు అదే ఖాళీ అవుతుంది." సీసాను తన సంచిలో వేసుకుని, మామయ్య వైపు తిరిగాడు. "ఈ సంగతి మన ముగ్గురికి కాక ఇంకెవరికైనా తెలుసా?"

"తెలియదండీ," అన్నాడు మామయ్య.

అడిగిన మరుక్షణం అన్నాడు. ఎనిమిదేళ్లుగా సిద్ధంగా పెట్టుకున్న మాటలా వచ్చింది. సీసాలమ్మ ఆయన్ని చూసింది. ఆ గదిలో తను పెరిగిందన్న ఆలోచనే ఆమెకు వెగటు పుట్టించింది.

"తప్పుకోండి," అంది ఇంజనీరుతో. "ట్యాంకు ఖాళీ అయ్యేది ఎక్కడికి? వాళ్ల కడుపుల్లోకే కదా."

ఆయన తప్పుకోలేదు. అప్పుడు ఫోను మోగింది.

ఫోనుకు దగ్గరగా ఉన్నది మామయ్య. అలవాటున ఎత్తి చెవికి పెట్టుకున్నాడు. అవతలి గొంతు విని ఆయన మొహం మారింది. ఆ ఫోను పాతది, అవతలివాళ్లు మాట్లాడితే సగం గదికి వినిపిస్తుంది. చెల్లెలి గొంతు. ఆయాసపడుతోంది.

"మామయ్యా, పొద్దున్నించీ నొప్పులొస్తున్నాయి. లోపలికి తీసుకెళ్తారట. అక్క వచ్చిందా లాకుకి? నీళ్లు తెగ తాగమంటున్నారు ఇక్కడ, ఇవేమో వాసనొస్తున్నాయి. పక్క మంచం ఆవిడ రాత్రి తాగి వాంతులు చేసుకుంది. తాగొచ్చో లేదో అక్కనడిగి చెప్పు, అక్కకు తెలుస్తుంది."

సీసాలమ్మ ఇంజనీరును భుజంతో నెట్టింది. అట్ట కిందపడి కాగితాలు నేల మీద చెదిరాయి. మామయ్య ఆమెను చూశాడు, ఆమె వెనక ఇంజనీరును చూశాడు. ఇంజనీరు తల అడ్డంగా ఊపాడు, కొద్దిగానే. గది దాటడానికి ఆమెకు ఇంకా నాలుగు అడుగులున్నాయి.

మామయ్య ఫోను రెండు చేతులతో పట్టుకుని గోడ వైపు తిరిగాడు.

"తాగు తల్లీ, ఏం కాదు," అన్నాడు. "మీ అక్క చూసిన నీళ్లే."